ఇంట్లో హైదరాబాద్‌... ముద్ర బ్యాంకాక్‌!

ఎరువులు అమ్మితే బ్యాంకాక్‌. రొయ్యల మేత అమ్మితే బ్యాంకాక్‌. సిమెంటు, రంగులు, విత్తనాలు... ఏ డీలరుషిప్పు తీసుకున్నా టార్గెట్‌ కొట్టినవాళ్లకు కంపెనీ చూపించే స్వర్గం అదే! కోనసీమ నుంచి వెళ్లొచ్చినవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. అక్కడేం చూశారో ఇంట్లో చెప్పినవాళ్లను వెతకాలంటే మాత్రం ఊరంతా తిరగాలి.

2024 ఆగస్టు. మధ్యాహ్నం భోజనాలు కానిచ్చి అమలాపురంలో బస్సెక్కాం. మొత్తం 22 మంది. అందరూ పురుగుమందులు, ఎరువుల కొట్లవాళ్లే, నేను తప్ప. ఒకాయన ఆఖరి నిమిషంలో ఆగిపోతే, ఆ ఖాళీ సీటుకు డబ్బు కట్టి నేనెక్కాను. కోనసీమకు ఇప్పటికీ రైలు లేదు కదా, రావులపాలెం దాటి హైవే ఎక్కి విశాఖపట్నం చేరేసరికి అయిదు గంటలు పట్టింది. అక్కడినుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానం 2024 ఏప్రిల్‌లో మొదలైంది. గాల్లో ఉన్నది మూడు గంటల లోపే. అంటే అమలాపురం వాడికి విశాఖ కంటే బ్యాంకాకే దగ్గరన్నమాట!

బస్సు తుని దాటుతుండగా ఫోన్లు మొదలయ్యాయి.

‘‘ఆఁ... హైదరాబాదే. కంపెనీ మీటింగు. నాలుగు రోజులు. లోపల సిగ్నల్‌ ఉండదంట, చెయ్యకు. నేనే చేత్తాను.’’

ఇలా మాట్లాడింది కొత్తపేట దగ్గర పురుగుమందుల కొట్టున్న పెద్దమనిషి. యాభై దాటిన వయసు. అంబాజీపేట వైపు రెండెకరాల కొబ్బరితోట కూడా ఉంది. ఫోను పెట్టేసి నా మొహం చూసి నవ్వేశాడు.

‘‘ఏటండీ అలా చూత్తారు? బ్యాంకాక్‌ అంటే మా ఆవిడ ఒప్పుద్దేటండీ? అక్కడ నేను గుడికెళ్లినా నమ్మదు.’’

అదీ నిజమే. కోటి మందికి పైగా బతికే మహానగర ప్రాంతం అది. కానీ మన దగ్గర ఆ పేరెత్తితే చాలు, మగవాళ్లు కన్ను గీటుతారు, ఆడవాళ్లు మూతి ముడుస్తారు. బస్సులో కబుర్ల మధ్య నేను లెక్కపెట్టాను. ఇంట్లో ఉన్నదున్నట్టు చెప్పి వచ్చినవాళ్లు ఏడుగురు. మిగతా వాళ్లందరూ హైదరాబాదే. ఒక కుర్రాడు మాత్రం బెంగళూరు అని చెప్పాడట, కొంచెం కొత్తగా ఉంటుందని!

పేజీ చింపితే జైలే

అబద్ధం నోటితో చెప్పడం తేలికే. పాస్‌పోర్టుతో చెప్పించడమే కష్టం. వెళ్లేటప్పుడు మన ముద్ర, దిగగానే వాళ్ల ముద్ర, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ రెండూ. 2025 ఏప్రిల్‌లో పుణెకు చెందిన 51 ఏళ్లాయన ఒకరు ముంబయి విమానాశ్రయంలో పట్టుబడ్డారు. పాస్‌పోర్టులో పేజీలు లేవు. ఏమయ్యాయంటే, బ్యాంకాక్‌ వెళ్లొచ్చిన సంగతి ఇంట్లో తెలియకూడదని తానే చింపేశానన్నారు. అంతకుముందూ ఇలాంటి కేసులు వచ్చాయి. పాస్‌పోర్టు మనదనుకుంటాం కానీ అది ప్రభుత్వ ఆస్తి. పేజీ చింపినా, దిద్దినా పాస్‌పోర్టుల చట్టం కింద నేరం, రెండేళ్ల వరకు జైలు పడొచ్చు. భార్యకు దొరక్కూడదని పోలీసులకు దొరకడమంటే ఇదే.

మిగతా కాగితాల సంగతి ఇప్పుడు చాలా సులువైపోయింది. 2023 నవంబరు 10 నుంచి మనవాళ్లకు వీసా లేకుండా 30 రోజులు ఉండే వీలిచ్చారు. 2024 జులై 15 నుంచి దాన్ని 60 రోజులు చేశారు. ఆ ఒక్క ఏడాదిలోనే మన దేశం నుంచి 21 లక్షల మందికి పైగా వెళ్లారు. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి టికెట్టు కొనేముందు ఓసారి చూసుకోవాలి. 2025 మే 1 నుంచి ఇంకో పని చేరింది. చేరుకునే రోజుకు ముందు మూడు రోజుల్లోగా ఆన్‌లైన్‌లో డిజిటల్‌ అరైవల్‌ కార్డు నింపాలి. దీనికి ఫీజు లేదు. డబ్బులడిగిన సైటు ఏదైనా దొంగదేనని లెక్క. తిరుగు టికెట్టు, హోటలు బుకింగు కాగితం చేతిలో ఉంచుకుంటే మంచిది. వాళ్ల గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది. వాళ్ల డబ్బు భాట్‌. మేం వెళ్లినప్పుడు ఒక భాట్‌ మన రెండు రూపాయల నలభై పైసలు.

మేం దిగింది డాన్‌ మువాంగ్‌లో. బ్యాంకాక్‌ పెద్ద విమానాశ్రయం పేరు సువర్ణభూమి. సంస్కృతమే! 2006లో ప్రారంభించారు. అక్కడినుంచి తిరుగు ప్రయాణమయ్యేవాళ్లకు క్షీరసాగర మథనం శిల్పం కనిపిస్తుంది. దేవతలు ఓ వైపు, రాక్షసులు ఓ వైపు వాసుకిని పట్టుకుని లాగుతుంటారు. అక్కడినుంచి ఊళ్లోకి రైలుంది, అరగంటలో దించుతుంది. మమ్మల్ని మాత్రం రైలు, ఊరు ఏమీ చూపించకుండా నేరుగా పట్టాయా బస్సెక్కించారు. టూరు వాళ్లకు తెలుసు మరి, సరుకు ఎక్కడ దించాలో.

సైనికులు పోయారు, దీపాలు మిగిలాయి

పట్టాయా ఒకప్పుడు జాలరిపల్లె. మన అంతర్వేది, ఓడలరేవు ఎలా ఉంటాయో అలా. 1960ల్లో వియత్నాం యుద్ధం దాని తలరాత మార్చేసింది. దగ్గర్లోని ఉతపావ్‌ స్థావరం నుంచి అమెరికా బాంబర్లు ఎగిరేవి. సైనికులను విశ్రాంతికి థాయ్‌లాండ్‌ పంపేందుకు 1967లో ఒప్పందం కుదిరింది. విశ్రాంతి అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. యుద్ధం 1975లో ముగిసింది. సైనికులు వెళ్లిపోయారు. బార్లు మాత్రం కొత్త గిరాకీని వెతుక్కున్నాయి. మొదట యూరపు వాళ్లు, తర్వాత జపాను వాళ్లు, రష్యా వాళ్లు, ఇప్పుడు మనం. వాకింగ్‌ స్ట్రీట్‌లో హిందీ పాటలు మోగే డ్యాన్సు బార్లే బోలెడు. తలుపు దగ్గర నిలబడ్డ ఒకామె మా గుంపును చూసి ‘‘అన్నా, రా రా!’’ అంది. తెలుగులోనే!

బ్యాంకాక్‌లో పట్‌పోంగ్‌ కథా ఇలాంటిదే. పట్‌పోంగ్‌పానిచ్‌ అనే కుటుంబం 1946లో కొన్న ఊరి చివరి జాగా అది. ఇంటి పేరే వీధి పేరైంది. సోయ్‌ కౌబాయ్‌ అనే ఇంకో దీపాల వీధి ఉంది. 1970ల్లో అక్కడ బారు పెట్టిన మాజీ అమెరికా సైనికుడి మారుపేరు దానిది. ఆ వీధి ఒక చివర సుఖుంవిత్‌ 23వ సందులోకి తేలుతుంది. మన భారత రాయబార కార్యాలయం ఉన్నది అదే సందులో! ఈ ముక్క చెప్పగానే మావాళ్లలో ఇద్దరు ఆ రాత్రి కార్యక్రమం మార్చుకున్నారు.

చాలామందికి తెలియని సంగతొకటుంది. ఇదంతా అక్కడ చట్టబద్ధమని మనవాళ్ల నమ్మకం. కాదు. వ్యభిచారాన్ని 1960లోనే నిషేధించారు. ఆ చట్టం స్థానంలో 1996లో ఇంకో చట్టం తెచ్చారు. బారు పెట్టుకోవచ్చు, పాట పెట్టుకోవచ్చు, 2023 డిసెంబరు నుంచి కొన్ని ప్రాంతాల్లో తెల్లవారుజాము 4 గంటల దాకా తెరుచుకోవచ్చు. ఆపైన జరిగేదంతా అందరూ చూసీ చూడనట్టు ఊరుకోవడం మీదే నడుస్తోంది. 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో మాత్రం ఊరుకోవడం ఉండదు, జైలే. అక్కడ తప్పించుకున్నా, విదేశంలో మన పౌరుడు చేసిన నేరాన్ని ఇక్కడ విచారించే వీలు మన చట్టంలో ఉంది.

అయినా చూసీ చూడనట్టు ఊరుకోవడం మనకేమైనా కొత్తా? తీర్థాల్లో రాత్రి ఒంటిగంటకు రికార్డింగ్‌ డ్యాన్సు చూసి, తలమీద తువ్వాలు కప్పుకుని ఇంటికొచ్చిన తాతలు ఎందరు లేరు? చూడలేదని ఆయన, తెలియదని బామ్మ. తేడా ఏమిటంటే ఆ రాత్రి పర్సు ఖాళీ అయినా ఇంటికి నడిచి రావచ్చు.

ఫోన్‌లో ఫొటో

రాజోలు వైపు కుర్రాడొకడు మా బృందంలో ఉన్నాడు. ముప్ఫై ఏళ్లుంటాయి. వాకింగ్‌ స్ట్రీట్‌లో ఒక బార్లో కూర్చున్నాం. అక్కడి లెక్క ఇదీ: మనం తాగేదానికి ఒక ధర. పక్కన కూర్చున్నామె తాగేదానికి ఇంకో ధర, దాన్ని ‘లేడీ డ్రింక్‌’ అంటారు. ఆమె గ్లాసులో ఎక్కువగా ఉండేది కూల్‌డ్రింకే. అందులో ఆమెకు వాటా. గంటకు ఎన్ని గ్లాసులు తాగిస్తే ఆ రోజు అంత గిట్టుబాటు.

కుర్రాడి పక్కన కూర్చున్నామె వచ్చీరాని ఇంగ్లిషులో ఏదో చెబుతూ ఫోను తీసి ఫొటో చూపించింది. ఆరేడేళ్ల పాప. పక్కన ముసలావిడ. వెనక వరిచేను. పాప తనదే. ముసలావిడ తల్లి. ఊరు బురీరామ్‌ దగ్గర. ఇసాన్‌ అని పిలిచే ఈశాన్య ప్రాంతం అది. దేశ జనాభాలో దాదాపు మూడో వంతు అక్కడే. వానల మీద ఆధారపడ్డ వరి, అప్పులు, వలస... ఈ బార్లలో పనిచేసే ఆడవాళ్లలో చాలామంది అటునుంచి వచ్చినవాళ్లే. నెలనెలా డబ్బు పంపిస్తుందట. ఏం పనని ఇంట్లో చెప్పావని అడిగితే నవ్వి, ‘‘హోటల్‌... రెస్టారెంట్‌’’ అంది.

కుర్రాడు అయిదు నిమిషాల తర్వాత లేచి బయటికొచ్చేశాడు. సముద్రం ఒడ్డున గట్టు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు.

‘‘మా అమ్మ మస్కట్‌లో తొమ్మిదేళ్లు చేసిందండి, ఇంటి పని. నేను మా నాయనమ్మ దగ్గర పెరిగాను. మా ఇద్దరి ఫొటో అమ్మ పర్సులో ఉండేదంట, ఎవరొచ్చినా తీసి చూపించేదంట. పని వేరేలెండి. ఫొటో మాత్రం అచ్చం అలాగే ఉందండి.’’

కువైట్‌, మస్కట్‌, దుబాయ్‌, ఖతార్‌... ఇంటి పనికి వెళ్లిన తల్లులు పంపిన డబ్బుతో కోనసీమలో ఎన్ని డాబాలు లేచాయో రాజోలు, మలికిపురం వైపు ఎవరినడిగినా చెబుతారు. అక్కడ తిండి పెట్టని యజమానుల కథలను ఆ తల్లులు ఫోన్లో చెప్పలేదు. ‘‘బాగానే ఉన్నాను’’ అన్నారు.

మేడ మీది గది

మూడో రోజు బ్యాంకాక్‌. ఆ రాత్రి పట్‌పోంగ్‌లో మన కొత్తపేట పెద్దమనిషికి, ఇంకో ఇద్దరికి ఒకతను అట్ట చూపించాడు. బీరు 100 భాట్లు, ప్రవేశం ఉచితం, పైన షో. మెట్లెక్కారు. వెనక తలుపు మూసుకుంది. అడక్కుండానే నలుగురు ఆడవాళ్లొచ్చి కూర్చుని గ్లాసులు తెప్పించుకున్నారు. పావుగంటకు లేద్దామంటే బిల్లొచ్చింది... 9,000 భాట్లు. మన డబ్బులో 21 వేల పైమాట! అదేంటని అడిగితే మెట్ల దగ్గర ముగ్గురు నిలబడ్డారు. కట్టేసి దిగొచ్చారు.

నిజానికి ఇది పట్‌పోంగ్‌ మేడ గదుల పాత మోసమే. అక్కడి టూరిస్టు పోలీసులకు 1155 నంబరుంది. ఇంగ్లిషులో మాట్లాడతారు, రాత్రీ పగలూ పలుకుతుంది. చేద్దామన్నాను.

‘‘వద్దండీ బాబూ! పేరు రాసుకుంటారు. పాస్‌పోర్టు అడుగుతారు. ఎక్కడో ఒకచోట అచ్చయితే? పోతే పోయిందిలెండి. మందు డబ్బాల మీద లాగేత్తాను.’’

ఈ మాట ఆ మేడ మీదివాళ్లకు ముందే తెలుసు. దొంగకు ఇంతకంటే మంచి బేరం ఉంటుందా? పట్టాయా ఒడ్డున జెట్‌స్కీ అద్దెకిచ్చి, తిరిగి తేగానే గీత పడిందంటూ వేలు గుంజడం కూడా ఇలాగే నడుస్తుంది. రాత్రి కలిసినామె పొద్దుటికి పర్సుతో సహా మాయమైనా అంతే. మోసపోయినవాడు నోరెత్తడు. నోరెత్తితే ముందు తన సంగతే బయటపడుతుంది.

డబ్బుతో పోతే అదృష్టమే. అంతకంటే పెద్ద గండాలున్నాయి. బైకు అద్దెకు తీసుకుని పడితే? గుండె పట్టేస్తే? ఆసుపత్రివాళ్లు ముందు ఇంటి నంబరు అడుగుతారు. ఇంట్లోవాళ్లేమో మనిషి హైదరాబాద్‌లో ఉన్నాడనుకుంటారు. ప్రయాణ బీమా చేయించుకోండి. అయితే తాగి చేసుకున్న ప్రమాదానికి చాలా పాలసీలు పైసా ఇవ్వవు. పాస్‌పోర్టు జిరాక్సు, హోటలు పేరు, తోటివాళ్ల నంబరు ఇంట్లో ఒక్కరి దగ్గరైనా ఉండాలి. భార్యకు చెప్పే ధైర్యం లేకపోతే కనీసం తమ్ముడికో బావమరిదికో చెప్పి వెళ్లండి. పాస్‌పోర్టు మాత్రం ఎవరికీ తాకట్టు పెట్టకూడదు, బైకు అద్దెకిచ్చేవాడికైనా సరే.

అక్కడ పరిచయమైనవాళ్లు ‘మా చుట్టాలకు ఈ చిన్న సంచి ఇవ్వండి’ అంటే చేతులు జోడించి వచ్చేయండి. బ్యాంకాక్‌ నుంచి వచ్చే విమానాల్లో హైడ్రోపోనిక్‌ గంజాయి పట్టివేతలు మన విమానాశ్రయాల్లో తరచూ జరుగుతున్నాయి. సంచి ఎవరిదని అడగరు, ఎవరి చేతిలో ఉందనే చూస్తారు. మన యువకులు సరదాగా పీల్చే ఈ-సిగరెట్‌ కూడా అక్కడ నేరమే.

ఇంకో మాట మొహమాటం లేకుండా చెప్పాలి. జాగ్రత్త లేకుండా రాత్రి గడిపితే ఆ ఫలితం ఏమీ తెలియని ఇల్లాలి మీద పడుతుంది. హెచ్‌ఐవీ భయం గోదావరి జిల్లాలకు కొత్త కాదు. అనుమానం కలిగితే 72 గంటల్లోపు మందు మొదలుపెడితే సోకకుండా ఆపే అవకాశం ఉంది. ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష ఉచితం, వివరాలు బయటపెట్టరు. 1097కు ఫోన్‌ చేసి అడగొచ్చు. ఇంటికొచ్చి, పరీక్ష అయ్యేదాకా ఏదో సాకు చెప్పి దూరంగా ఉండటం కూడా తెలియనివాళ్లున్నారు.

పేకాటరాయుళ్లకు...

కోనసీమ మనిషికి చేతిలో ముక్కలుంటే లోకం గుర్తుండదు. హోటలు గదిలో మావాళ్లు దుప్పటి పరిచారు. నేను రెండు కథలు చెప్పాను. మొదటిది, 2023 మే 1 తెల్లవారుజామున పట్టాయాలో ఒక హోటలు మీద పోలీసులు పడ్డారు. జూదమాడుతూ 93 మంది దొరికితే అందులో 83 మంది మన దేశం వాళ్లే, తెలుగువాళ్లు చాలామంది. రెండోది మరీ విచిత్రం. 2016 ఫిబ్రవరిలో అదే పట్టాయాలో బ్రిడ్జి ఆడుకుంటున్న 32 మంది విదేశీ వృద్ధులను పట్టుకెళ్లి గంటల తరబడి కూర్చోబెట్టారు. డబ్బు పందెం లేదు మొర్రో అన్నా, 120కి మించి పేకముక్కలు దగ్గర ఉంచుకోకూడదని 1935 నాటి చట్టం ఉందన్నారు! మావాళ్లు కట్టలు లెక్కపెట్టుకున్నారు. మూడు కట్టలు, 156 ముక్కలు. ఒక కట్ట నిశ్శబ్దంగా పెట్టెలోకి వెళ్లింది. ఆట మాత్రం ఆగలేదనుకోండి.

కాలవ ఒడ్డున

నాలుగో రోజు శనివారం. అందరూ బజారుకు బయల్దేరారు. మన కొత్తపేటాయన చేతిలో డబ్బు లేదు, మనసూ బాగాలేదు. రాజోలు కుర్రాడికి షాపింగు మీద ఆసక్తి లేదు. ముగ్గురం ఒక కారు మాట్లాడుకుని అంఫవా వెళ్లాం. బ్యాంకాక్‌ నుంచి 70, 80 కిలోమీటర్లు. సముత్‌ సోంగ్‌ఖ్రామ్‌ అనే రాష్ట్రంలో, మే క్లోంగ్‌ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉంటుంది. శుక్ర, శని, ఆదివారాల్లో సాయంత్రం పూట కాలవలో సంత. పడవల్లోనే పొయ్యిలు పెట్టి రొయ్యలు, చేపలు కాల్చి ఒడ్డుకు అందిస్తారు. భార్యాపిల్లలతో, ముసలి తల్లిదండ్రులతో వచ్చిన బ్యాంకాక్‌ వాళ్లే ఎక్కువ.

కారు ఊరు చేరకముందే పెద్దాయన కిటికీకి అతుక్కుపోయాడు. దారి పొడవునా కాలవలు. గట్ల మీద కొబ్బరి. బోదెల మధ్య మొక్కలు. ‘‘ఇదేటండీ... ముక్తేశ్వరం వచ్చేశామా?’’ అన్నాడు.

కారాపించి ఒక తోటలోకి వెళ్లిపోయాడు. పొట్టి చెట్లు. నిలబడి చేత్తో కోసుకునే ఎత్తులో గెలలు. దింపు కూలీతో పనే లేదు! సువాసన వచ్చే బొండాం రకం, చాలా దేశాలకు పంపుతారు. పక్క తోటలో ఎత్తయిన చెట్లకు కాయే లేదు. పూమొగ్గను కట్టి, కోసి, కారే నీరాను పట్టి, పెద్ద బాణళ్లలో కాచి బెల్లం చేస్తున్నారు. ముద్ద నోట్లో వేసుకుని పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. అంబాజీపేట మార్కెట్లో కురిడీ ధర పెరగాలని ఏళ్ల తరబడి ఎదురుచూసిన మనిషి. ‘‘మనం కాయయ్యేదాకా ఆగి, ఎండేదాకా ఆగి, ధరొచ్చేదాకా ఆగుతాం. వీళ్లు పువ్వు దగ్గరే లెక్క తేల్చేత్తన్నారు’’ అన్నాడు. ఆ తోటాయనకు తెలుగు రాదు, ఈయనకు థాయ్‌ రాదు. వేళ్లు చూపించుకుంటూ అరగంట బేరాలాడుకున్నారు. చెట్టుకు ఎంత, ఎకరానికి ఎన్ని, ఎరువేమిటి అని.

సాయంత్రం అయిదున్నర. చీకటి పడ్డాక పడవలో తీసుకెళ్లి గట్టున చెట్ల మీద మిణుగురులు చూపిస్తారని తెలిసి టికెట్లు తీసుకున్నాం. పడవ కోసం మెట్ల మీద కూర్చున్నాం. పెద్దాయన బెల్లం పొట్లం ఒళ్లో పెట్టుకుని ఫోన్‌ తీశాడు. ఆ ఉత్సాహంలో ఏం చేస్తున్నాడో చూసుకోలేదు. వీడియో కాల్‌ నొక్కేశాడు.

‘‘ఇదిగో, చూడవే! ఈ చెట్లు చూడు. చేతికందుతున్నాయి కాయలు. మన తోటలో పడిపోయినవాటి చోట ఈ రకం...’’

అవతల కాసేపు మాటల్లేవు. తర్వాత ఆవిడ గొంతు మా అందరికీ వినిపించింది.

‘‘బావుంది. హైదరాబాద్‌లో కాలవ ఎప్పుడు తవ్వారు?’’

పెద్దాయన నా వంక చూశాడు. కుర్రాడి వంక చూశాడు. పడవవాడు రమ్మని పిలుస్తున్నాడు.

‘‘మీరెక్కండి, నేను తర్వాతి పడవలో వత్తాను’’ అని మమ్మల్ని పంపించి, ఫోను పట్టుకుని మెట్ల పక్కన కొబ్బరిచెట్టు కిందకు వెళ్లాడు. మేం మిణుగురులు చూసి గంట తర్వాత తిరిగొచ్చేసరికి ఆ చెట్టు కిందే ఉన్నాడు. ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.